కోళ్ళు కోసుకున్నవారు, కాలువ తవ్వినవారు

మన సంఘమునకు, ముఖ్యంగా పల్లెలు విడిచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కొండాపూర్ ప్రాంతాల్లో హాస్టళ్ళలో ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన యౌవనస్థులకు ఈ మాటలు.

ఈ మధ్య మీ దగ్గర నుండి నాకు వస్తున్న ప్రశ్నలలో ఎక్కువ భాగం అంత్యదినములను గూర్చినవే. కృత్రిమ మేధ క్రూరమృగమా? చేతిలో పెట్టే చిప్ 666 ముద్రా? ఫలానా దేశంలో యుద్ధం మొదలైంది గనుక రాకడ ఈ సంవత్సరమేనా? ఫోన్లో వచ్చిన వీడియో చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అయ్యగారూ, అంతం ఎలాగూ దగ్గరపడింది కదా, ఇక పెళ్ళి ఎందుకు, ఇంటికి లోన్ ఎందుకు?" ఆ తమ్ముడు పంపే డబ్బుతోనే ఊర్లో తల్లికి మందులు, చెల్లికి కాలేజీ ఫీజు. అతడు ఆ మాట నిజంగా నమ్మి ఉద్యోగం మీద చేతులు ఎత్తేస్తే ఇక్కడ రెండు జీవితాలు ఆగిపోతాయి. అందుకే ఇది తీరిక వేళ వాదించుకునే విషయం కాదు.

దీనికి జవాబు వాక్యంలో ఉంది. ఆ జవాబును మన తెలుగు నేల చరిత్రలో కూడా చూడవచ్చు. అంతం వచ్చిందని నమ్మిన రోజు మనుషులు ఏం చేశారు అన్నది గమనిస్తే, వారు అంతం తరువాత ఏముందని నమ్మారో బయటపడుతుంది.

1979: ఆకాశం పడుతుందన్న వార్త

మీ ఇళ్ళలో అరవై దాటిన పెద్దలుంటే స్కైల్యాబ్ అన్న మాట వారితో అని చూడండి. అది అమెరికా 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు సుమారు 77 టన్నులు. అదుపు తప్పి భూమి మీద పడబోతుందని 1979లో వార్త వచ్చింది. ఎక్కడ పడుతుందో శాస్త్రవేత్తలు కూడా ముందుగా కచ్చితంగా చెప్పలేకపోయారు. రేడియోలో విన్నది ఊరూరా పాకి, చివరికి "లోకమే మునిగిపోతుంది" అన్న మాటగా మారింది.

అప్పుడు తెలుగు పల్లెల్లో చాలామంది ఏం చేశారు? ఎలాగూ చచ్చిపోతాం కదా అని పెంచుకున్న కోళ్ళను, మేకలను కోసుకొని తిన్నారు. దాచుకున్న నాలుగు రూపాయలు ఖర్చు పెట్టేశారు. పొలం పనులు వదిలేసి ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డలకు స్కైల్యాబ్ అని పేరు పెట్టినవారు కూడా ఉన్నారు. 1979 జూలై 11న అది హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను ముక్కలై పడింది. ఒక్కరికీ దెబ్బ తగలలేదు. తెల్లవారింది. కోళ్ళగూళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

ఈ సంగతి చెప్పుకొని ఇప్పుడు అందరూ నవ్వుకుంటారు. 2021లో దీని మీద ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. కానీ ప్రియులారా, నవ్వే ముందు మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయము తెరవండి. మృతులు లేపబడకపోతే తిని తాగుదాం, రేపు చస్తాం అనుకోవడమే మిగులుతుందని పౌలు 32వ వచనంలో అంటాడు. ఆ పల్లెవాసులు చేసింది అదే. అందులో వారి తెలివితక్కువతనం ఏమీ లేదు. అంతం ఉంది, తరువాత ఏమీ లేదు అనుకున్న మనిషి ఎవరైనా చేసే పని అదే.

1533: లెక్కలు వచ్చిన పాస్టరు

ఇది చదువు లేనివారి సంగతి అనుకోకండి. జర్మనీలో మార్టిన్ లూథర్‌కు మైఖేల్ స్టీఫెల్ అని ఒక స్నేహితుడు ఉండేవాడు. విట్టెన్‌బర్గ్ దగ్గర లోఖావు అనే చిన్న ఊరిలో పాస్టరు. గణితంలో గొప్పవాడు. మీరు బడిలో చదువుకున్న ఘాతాంకాలకు యూరపు భాషల్లో నేటికీ వాడుతున్న పేరు ఆయన 1544లో అచ్చువేసిన పుస్తకం నుండి వచ్చిందే.

ఆ తెలివినే ఆయన ప్రవచనము మీద పెట్టాడు. అక్షరాలకు అంకెలు ఇచ్చి కూడాడు, ఆనాటి పోపు పేరులో 666 తీశాడు. దానియేలును, ప్రకటనను లెక్కకట్టి 1533 అక్టోబరులో ఫలానా రోజు ఉదయం ఎనిమిది గంటలకు ప్రభువు వస్తాడని ప్రసంగించాడు. వద్దని లూథర్ హెచ్చరించినా వినలేదు. ఊరివారు నమ్మారు. పంటలను, పశువులను పట్టించుకోవడం మానేశారు, ఉన్నది తిని ఖర్చు పెట్టేశారు. ఎనిమిది గంటలు దాటింది, తొమ్మిదయింది. స్టీఫెల్‌ను అధికారులు పట్టుకొనిపోయారు, ఆ సంఘము ఆయన చేయి జారిపోయింది. లూథర్ ఆయనను విడిచిపెట్టకుండా మరొక చోట పని ఇప్పించాడు.

లోఖావుకు, మన స్కైల్యాబ్ పల్లెలకు మధ్య నాలుగు వందల నలభై ఆరు సంవత్సరాల దూరం ఉంది. ఒకచోట బైబిలు, మరొకచోట రేడియో. ఫలితము మాత్రం ఒకటే. చేతిలో బైబిలు ఉన్నా, ప్రవచనమును లెక్కగా మాత్రమే చదివితే కోళ్ళగూడే ఖాళీ అవుతుంది.

అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు 8:14లోని 2,300 దినములను సంవత్సరములుగా లెక్కించాడు. ఆయన అనుచరులు చివరకు 1844 అక్టోబరు 22 అన్న తేదీని పట్టుకున్నారు. కొందరు పొలంలో పంట కోయకుండా వదిలేశారు. ఆ రాత్రి గడిచాక వారు పడిన దుఃఖాన్ని చరిత్రలో మహా నిరాశ అని పిలుస్తారు. అయితే ఆ నిరాశలో నుండి లేచినవారిలో కొందరు తరువాత సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘముగా ఏర్పడ్డారు, వైద్య సేవకు చేయి వేశారు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘమువారిదే. వారి బోధలన్నిటితో మనకు ఏకీభావం లేకపోవచ్చు. కానీ తప్పిపోయిన తేదీ నుండి ఎవరికీ మేలు కలగలేదు, రోగి పక్కన నిలబడిన సేవ నుండి కలిగింది.

మన కాలంలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, తరువాత అక్టోబరు 21 అన్నాడు. ఆయన చదివింది సివిల్ ఇంజినీరింగ్. 2012లో, తేదీ చెప్పడం పాపమని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నాడు.

1999: గచ్చిబౌలి దారిలో ఒక తేదీ

ఇప్పుడు మీరున్న చోటికే వద్దాం. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడినా, చాలాకాలం గచ్చిబౌలి అంటే ఊరి బయట బండరాళ్ళు, తుప్పలే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే సంవత్సరం గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. సరిగ్గా ఆ సమయంలో లోకమంతా భయపడుతున్న తేదీ ఒకటి ఉంది: 2000 జనవరి 1.

అదే వైటూకే. పాత కంప్యూటర్ ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసేవారు. 99 తరువాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. బ్యాంకులు, కరెంటు, విమానాలు ఆగిపోతాయేమోనని భయం. పాశ్చాత్య దేశాల్లో కొందరు బోధకులు దీన్ని అంత్యకాల సూచనగా ప్రకటించారు. ఆ మాట విని ఇళ్ళలో ధాన్యం, నీళ్ళు నిల్వ చేసుకున్న కుటుంబాలు ఉన్నాయి.

అదే తేదీని గూర్చి విన్న మన తెలుగు పిల్లలు అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకున్నారు. అమెరికాకు వెళ్ళారు, ఇక్కడి ఆఫీసుల్లోను కూర్చున్నారు. ఎవరో ముప్ఫై ఏళ్ళ క్రితం రాసిన కోబాల్ ప్రోగ్రాములను వరుస తరువాత వరుస చదివి, రెండంకెల చోట నాలుగంకెలు పెట్టారు. 1999 డిసెంబరు 31 రాత్రి మన సంఘాలన్నీ వాచ్ నైట్ ఆరాధనలో ఉన్నాయి. తెల్లవారేసరికి అక్కడక్కడ చిన్న లోపాలు తప్ప లోకం నడుస్తూనే ఉంది. మీరు ఈ రోజు పనిచేస్తున్న ఆ అద్దాల మేడల వెనుక ఆ తరం కష్టం కూడా ఉంది.

ఈ పోలికను సాగదీయకూడదు. వైటూకే తేదీ అందరికీ తెలుసు, ప్రభువు దినము ఎవరికీ తెలియదు. వైటూకేను మనుషులు ఆపగలిగారు, ప్రభువు దినమును ఎవరూ ఆపలేరు, ఆపాలని మనం కోరుకోము కూడా. కానీ ఒక్క మాట మాత్రం తీసుకోండి. ఒకే తేదీని గూర్చి విని, ఒకరు గింజలు దాచుకున్నారు, ఒకరు తమ ముందున్న పని నమ్మకంగా చేశారు. లోకానికి పనికివచ్చింది రెండోవారే.

1876: ధాత కరువు, ఒంగోలు కాలువ

అయితే అంతమును నిజంగా నమ్మి, నిత్యజీవమును కూడా నిజంగా నమ్మినవారు ఎలా ఉంటారు? దానికి మన పెద్దల సాక్ష్యము ఉంది.

1876లో, ధాత నామ సంవత్సరంలో, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా వర్షాలు లేవు. 1878 వరకు సాగిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. లక్షలాదిమంది ఆకలితో, కలరాతో చనిపోయారు. మత్తయి 24:7లో కరువులను గూర్చి ప్రభువు చెప్పిన మాట చదివిన ఏ విశ్వాసికైనా, ఇదే అంతమేమో అనిపించడానికి అంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉన్నారు. 1866లో వచ్చారు. అంతకుముందు వారి దేశంలో సర్వేయరుగా భూమి కొలిచిన మనిషి. ఆయన రాకముందే సువార్త విన్న యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఆ పనికి తొలిఫలము. చర్మాల వ్యాపారం చేసుకొనే మాదిగ కుటుంబం. దేవుణ్ణి వెదుకుతూ గురువు దగ్గర యోగము కూడా నేర్చుకున్నవాడు పేరయ్య.

కరువు వచ్చినప్పుడు క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కను ప్రభుత్వము దగ్గర కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో నడవలేని వేలాదిమంది అక్కడికి వచ్చారు. పలుగు, పార, తట్ట. మట్టి మోసినవానికి కూలి, కూలితో గంజి. సువార్త చెప్పే బోధకులే పని గుంపులకు మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు తవ్వించారు, విశ్రాంతి వేళ ప్రయాసపడి భారము మోయువారిని పిలిచే ప్రభువును గూర్చి చెప్పారు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఉంది. కరువు కాలమంతా, సుమారు పదిహేను నెలలు, క్లౌ గారు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, వారి విశ్వాసము నిజమో కాదో వారికే తెలియాలని ఆపారు. అంతం వచ్చేసింది, త్వరపడండి అని ఆకలిగొన్నవారిని భయపెట్టి ఉంటే ఎంతమంది వచ్చేవారో ఆలోచించండి. ఆయన అలా చేయలేదు. కరువు తగ్గి, సహాయపు పనులు ఆగిపోయాక కూడా జనము వస్తూనే ఉన్నారు. అప్పుడు 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులుగా నీటిలో నిలబడ్డారు.

స్కైల్యాబ్ రోజున ఉన్నది తినేశారు. ధాత కరువులో లేనివారి కోసం కాలువ తవ్వారు. తేడా ఎక్కడుంది? కాలువ తవ్వినవారు అంతం కంటే అవతల ఉన్నదానిని నమ్మారు. కొరింథీయులకు రాసిన అదే అధ్యాయము తిని తాగుదాం అన్న దగ్గర ఆగిపోదు. పునరుత్థానమును గూర్చి అంత గొప్పగా చెప్పిన పౌలు, చివరి వచనంలో, అంటే 58లో, ప్రభువునందు మీ కష్టం వృథా కాదు గనుక ఆయన పనిలో ఇంకా ఎక్కువగా ఉండండని ముగిస్తాడు. కడబూర మోగుతుందని చెప్పిన నోటితోనే పని చేయమన్నాడు.

ప్రవచనమును ఎలా చదవాలి?

మన తెలుగువారికి ప్రవచనము అనగానే కాలజ్ఞానము గుర్తుకు వస్తుంది. ముందు జరగబోయేవి చెప్పడమే అనుకుంటాం. బైబిలులో ప్రవక్త ముందు సంగతులు చెబుతాడు, నిజమే. కానీ ఎందుకు చెబుతాడు? యోనా నలభై దినములలో నీనెవె నాశనమవుతుందన్నాడు. నలభై దినములు గడిచినా అది నాశనం కాలేదు. ప్రవచనము తప్పిందా? లేదు, ఫలించింది. ప్రజలు మారుమనస్సు పొందారు. ప్రవచనము మనలను దేవుని వైపు తిప్పే పిలుపు.

అందుకే మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఆ మాట మొదట విన్నవారికి ఏమి అర్థమైందో అడగండి. ప్రకటన గ్రంథము రోమా అధికారము కింద శ్రమపడుతున్న ఆసియాలోని ఏడు సంఘములకు రాసినది. ఆనాటివారు అక్షరాలను అంకెలుగా కూడా వాడేవారు. నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాలలో రాసి కూడితే 666 వస్తుందని చాలామంది పండితులు చెబుతారు. కొన్ని పాత ప్రతులలో ఆ సంఖ్య 616 అని ఉంది. రెండవ శతాబ్దములోనే ఐరేనియస్ ఈ సంఖ్యకు సరిపోయే పేర్లు కొన్ని చెప్పి, ఏదీ ఖాయం చేయకుండా నెరవేర్పు కోసం ఆగడమే క్షేమమన్నాడు. అప్పటి నుండి ఎన్ని పేర్లు వచ్చాయో, ఎన్ని పోయాయో! పోపు, రాజులు, బార్‌కోడు, ఇప్పుడు చిప్. ముద్ర గూర్చిన అసలు ప్రశ్న, నీవు ఎవరికి మ్రొక్కుతున్నావు అన్నదే. జీతము కోసం అబద్ధపు బిల్లు మీద సంతకము పెట్టే చేతికి చిప్ అక్కరలేదు.

రెండవది, ప్రభువు మూసిన తలుపు తీయకండి. ఆ దినము, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉంది. అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో శిష్యులు కాలములను గూర్చి అడిగితే, అది మీ పని కాదని చెప్పి, సాక్షులై ఉండమని పంపాడు.

మూడవది, వెయ్యేండ్ల పాలనను గూర్చి విశ్వాసుల మధ్య ఉన్న తేడాను చూసి కలవరపడకండి. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు మీద 1836లో బౌడెన్, బీర్ దొరలు ఇంగ్లండు నుండి వచ్చి గోదావరి డెల్టాలో నర్సాపురం ప్రాంతంలో బ్రదరెన్ పని మొదలుపెట్టారు. సంఘము ఎత్తబడటం, శ్రమకాలము, ఆ తరువాత వెయ్యేండ్లు అనే వరుస ఆ బ్రదరెన్ సంఘాల నుండే లోకమంతా వ్యాపించింది. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ దొర లూథరన్. వారి సంఘాలు ప్రకటన 20ని సాధారణంగా వేరే రీతిగా చదువుతాయి. రెండు చోట్లా ప్రభువు మరల వస్తాడని నమ్మారు, రెండు చోట్లా సువార్త కోసం ఇల్లు విడిచి వచ్చారు. మన ఊర్లలో ఈ తేడా మీద సంఘాలు చీలడం ఆ పెద్దలకు అవమానము.

నిత్యజీవము రేపటిది మాత్రమే కాదు

చాలామందికి నిత్యజీవము అంటే చనిపోయాక మొదలయ్యేది. యోహాను 17:3లో ప్రభువు దాన్ని దేవుణ్ణి ఎరుగుటగా చెప్పాడు. 5:24లో, వినే విశ్వాసి మరణములో నుండి జీవములోనికి ఇప్పటికే దాటాడని చెప్పాడు. అది ఇక్కడే మొదలై, సమాధి దాటి, పునరుత్థానములో సంపూర్ణమవుతుంది.

భక్త సింగ్ గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజినీరింగ్ చదువుకొని, విదేశంలో ప్రభువును ఎరిగి, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను పరిచర్యను ప్రారంభించారు. జీవితపు చివరి సంవత్సరాలు మంచం మీదే గడిచాయి. వైటూకే భయం దాటిన సంవత్సరమే, 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ సమాధుల తోటలో పాతిపెట్టారు. మీరున్న చోటికి అది ఎంతో దూరం కాదు. లోకం ముగియలేదు, ఒక సేవకుని పరుగు ముగిసింది. మనలో ప్రతివారికీ లోకాంతము కంటే ముందు ఆ దినము రావచ్చు. దానికి సిద్ధపడినవాడు దేనికైనా సిద్ధమే.

కనుక తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, కృత్రిమ మేధ వచ్చి ఉద్యోగం పోతుందేమోనన్న మీ భయం నాకు తెలుసు. బెంచ్ మీద కూర్చున్నవాడికి ప్రతి మెయిలూ కడబూరలాగే వినిపిస్తుంది. అది కష్టమే, కానీ అది అంతము కాదు. వేరే పని నేర్చుకోండి, సంఘానికి చెప్పండి, ఒంటరిగా మోయకండి. పెళ్ళి చేసుకోవలసినవారు చేసుకోండి. అమ్మకు మందులు పంపండి. చెల్లి ఫీజు కట్టండి. ఫలానా నెలలో రాకడ, అందుకే మీ పొలం అమ్మి నా పరిచర్యకు ఇవ్వండి అనేవాడు ఎవరైనా సరే, వాని మాట వినకండి. మత్తయి 24లో గుర్తులు చెప్పిన ప్రభువు 25వ అధ్యాయంలో తలాంతుల లెక్క అడిగాడు, ఆకలిగొన్నవానికి పెట్టావా అని అడిగాడు. ఆ రెండు అధ్యాయములను విడదీసి చదవకండి.

ప్రభువు వచ్చేసరికి మన చేతికి మట్టి అంటుకొని ఉండటం సిగ్గు కాదు. కాలువ తవ్వుతూ ఉండగా ఆయన వస్తే, పార పక్కన పెట్టి లేచి వెళ్దాం. ఆయన ఆలస్యం చేస్తే, ఆ కాలువ వెంట పిల్లలు బతుకుతారు.

పరలోకమందున్న మా తండ్రీ, తేదీల భయం నుండి మమ్మును విడిపించి, నీ కుమారుని రాకడ కోసం నమ్మకంగా పనిచేస్తూ ఎదురుచూసే కృపను మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.